తొమ్మిది వందల ఎనిమిది యూరోలకు ఎంతమంది?

ఎక్స్ నాకు పరిచయమైంది యాభై ఎనిమిదో ఏట. అంతకుముందు మేమిద్దరం ఒకసారి కలుసుకోవాల్సింది. తొమ్మిదో తరగతిలో అది గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే నేను బడి మానేసి బయటికి వచ్చేశాను. మా పెదనాన్న కాకినాడలో పెళ్ళిళ్ళ వంట మేస్త్రి. ఆయన జట్టులో చేరి గరిటె పట్టాను. ఆ గరిటె నన్ను మస్కట్ తీసుకెళ్ళింది, అక్కణ్ణుంచి ఐర్లండ్ తెచ్చింది. ఇన్ని దేశాల్లో ఉప్పు సరిపోయిందా అని నేను అడిగినవాళ్ళున్నారు గానీ, ఎక్స్ విలువెంత అని నన్ను అడిగినవాడు లేడు.

ఈ ములింగార్ ఊళ్ళో నన్ను అంకుల్ అని పిలిచేవాళ్ళలో సగం మంది డాక్టర్లు, మిగతా సగం తెల్లారకముందే రైలెక్కి డబ్లిన్ పోయే సాఫ్ట్‌వేర్ పిల్లలు. అందరూ నాకన్నా చదువుకున్నవాళ్ళే. ఆ సంగతి నేను గుర్తు చేస్తే తప్ప వాళ్ళకు గుర్తురాదు, అంత మంచివాళ్ళు. నేను రిటైరయ్యాక ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు. "మీ సర్వీసులో మరిచిపోలేని రోజు చెప్పండి అంకుల్." వెయ్యిమందికి బిర్యానీ వండిన కథ చెబుతానని ఎదురుచూస్తారు. గుండిగలూ మనుషులూ ఉంటే వెయ్యిమందికి ఎవరైనా వండుతారు. నాకు మరుపురానిది యాభైమందికి వండిన రోజు. దానికి ముందు ఒక కుర్చీ కోసం ఇద్దరు పెద్దమనుషులు బడికి వెళ్ళిన సంగతి చెప్పాలి.

నేను పనిచేసింది ఊరి బయట ఒక క్యాటరింగ్ కిచెన్‌లో. ఆఫీసులకు లంచ్, క్లబ్బులకు డిన్నర్, చర్చి నుంచి వచ్చాక జరిగే పార్టీలు, స్మశానం నుంచి వచ్చాక పెట్టే భోజనాలు. బంగాళాదుంపలు నాలుగు రకాలుగా, కోడి రెండు రకాలుగా, కూర ఒక రకం. ఆ కూర నాది. యజమానురాలు ఐరిష్ ఆవిడ, నాకన్నా పదేళ్ళు చిన్నది. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేది. అందుకని ఆవిడ మెల్లగా మాట్లాడితే మేమంతా గిన్నెలు పట్టుకుని అటూ ఇటూ సర్దుకునేవాళ్ళం.

వ్యాన్ నడిపేది ఇంకో ఐరిష్ పెద్దాయన. నేను ఆయన్ని కెప్టెన్ అనేవాణ్ణి, ఆయన నన్ను షెఫ్ అనేవాడు. ఇద్దరి హోదాలూ మేమిచ్చుకున్నవే. కెప్టెన్ నాకన్నా ముందే, పన్నెండేళ్ళకే బడి మానేశాడు. "నువ్వు తొమ్మిదో క్లాసు దాకా వెళ్ళావా? అయితే నిన్ను ప్రొఫెసర్ అనాలి" అనేవాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. నా చెవిలో ఎలా మిగిలిందో అలా తెలుగులో రాస్తున్నాను.

ఆ ఏడాది నా కుడి భుజం నాకు చెప్పకుండా రాజీనామా ఇచ్చింది. పెద్ద తపేలా ఎత్తబోతే చెయ్యి సగంలో ఆగిపోయేది. మా జీపీ డాక్టరు చూసి, "నడుము దాటి పైకి ఏదీ ఎత్తొద్దు" అన్నాడు. కిచెన్‌లో నడుము కిందుండేవి చెత్తబుట్టలొక్కటే. ఆ మాటే యజమానురాలితో చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎత్తలేని మనిషికి ఇక్కడ ఇవ్వడానికి నా దగ్గర పని లేదు" అంది. "వేసవి దాకా ఎలాగో సర్దుతాను. ఆ తర్వాత సర్దలేను. ఒక్క దారి ఉంది. ఆ కుర్చీ."

కుర్చీ అంటే కిచెన్ పక్క గదిలో ఫోన్ ముందు ఉండేది. అందులో కూర్చుని పార్టీలకు ధర చెప్పే ఆవిడ కూతురి దగ్గరికి కార్క్ వెళ్ళిపోయింది. "మీకు వంట తెలుసు, మాటలు మరీ ఎక్కువ తెలుసు. తెలియనిది లెక్క ఒక్కటే. పెద్దవాళ్ళకు సాయంత్రం పూట ఊళ్ళో ఉచితంగా లెక్కల క్లాసు పెడుతున్నారు. ఆ సర్టిఫికెట్ తెచ్చుకోండి, చూద్దాం" అంది.

సంతోషంగా బయటికొస్తే గుమ్మంలో కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఆయనకు మోకాళ్ళు పోయాయి. వ్యాన్ ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి దేవుణ్ణి తలుచుకునేవాడు. తర్వాత తెలిసింది, ఆయనతోనూ అదే మాట అందని.

"నీకెందుకయ్యా కుర్చీ, ఇంకో రెండేళ్ళలో పెన్షన్ వస్తుంది కదా" అన్నాను.

"ఆ గదిలో హీటర్ ఉంది షెఫ్" అన్నాడు. ఐర్లండ్‌లో అంతకన్నా బలమైన కారణం ఎవరూ చూపించలేరు.

కంప్యూటర్ లేదా అంకుల్, అని మీరడుగుతారు. ఉంది. ఇంతమందికి ఎంత అని అడిగితే ఠక్కున చెబుతుంది. కానీ ఫోన్ చేసేవాళ్ళు అలా అడగరు. "నా దగ్గర ఇంత డబ్బుంది, పన్నుతో కలిపి ఇంతే, ఎంతమందిని పిలవను?" అని వెనకనుంచి వస్తారు. వేడి భోజనం మీద వ్యాట్ పదమూడున్నర శాతం. అది కలిపి చెప్పడం చిన్నపిల్లలకూ వస్తుంది. కలిసిపోయినదాన్ని విడదీయడంలోనే మనుషులు పట్టుబడతారు.

క్లాసు పిల్లల బడిలో జరిగేది. బెంచీలు పిల్లలవి, మోకాళ్ళు కెప్టెన్‌వి. ఆయన కూర్చోవడం చూస్తే మడత మంచాన్ని బీరువాలో పెడుతున్నట్టుండేది. పంతులమ్మ మా ఇద్దరికీ కూతురి వయసు అమ్మాయి. పగలు పిల్లలకు, సాయంత్రం మాకు చెప్పేది. పిల్లలే నయం అని మొహం చూస్తేనే తెలిసిపోయేది.

మొదటి రోజు లెక్క ఇది. ఒకావిడ కోటు కొన్నది. ధర మీద ఇరవై శాతం తగ్గించారు. తగ్గించిన ధర మీద ఇరవై మూడు శాతం పన్ను వేశారు. చివరికి ఆవిడ తొంభై ఎనిమిది యూరోల నలభై సెంట్లు ఇచ్చింది. కోటు అసలు ధరెంత?

నేను చెయ్యెత్తాను, ఎడమది. "ఆవిడ షాపువాణ్ణి అడగొచ్చు కదా?"

"షాపు మూసేశారు" అంది పంతులమ్మ.

"బిల్లు ఉంటుంది కదా?"

"కుక్క నమిలేసింది."

"కోటు కూడా దానికే ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాడు కెప్టెన్.

"ఆ మనిషినీ కుక్కనీ వదిలేయండి" అంది ఆ అమ్మాయి. "ఎక్స్‌ని పట్టుకోండి."

"వంద" అన్నాను నేను.

ఆ అమ్మాయి ఆగింది. "సరిగ్గా చెప్పారు. ఎలా చేశారు?"

"కోటు ధర వందే ఉంటుంది. తొంభై ఏడు యూరోల పదమూడు సెంట్లని ఏ షాపువాడు పెడతాడు?"

జవాబు సరైనదే. మార్కు రాలేదు. ఇక్కడి పద్ధతి అది. దారి చూపించకుండా ఊరు చేరావంటే ఎవరో బండిలో దింపారని వాళ్ళ అనుమానం. నా విషయంలో అది నిజమే అనుకోండి.

తర్వాత ఆ అమ్మాయి బోర్డు మీద వంద రాసింది. ఇరవై మూడు శాతం పన్ను కలిపితే నూట ఇరవై మూడు. "ఇప్పుడు ఆ నూట ఇరవై మూడులోంచి ఇరవై మూడు శాతం తీసేయండి" అంది. కెప్టెన్ క్యాలిక్యులేటర్ నొక్కాడు. తొంభై నాలుగు చిల్లర వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"ఐదు యూరోలు ఎవరో కొట్టేశారు" అన్నాడు, నావైపు చూస్తూ.

"ఎవరూ కొట్టేయలేదు. పన్ను వేసింది వంద మీద. మీరు తీసింది నూట ఇరవై మూడు మీద. ఏ అంకె మీద వేశారో ఆ అంకె మీదే తీయాలి. ఆ అంకె మనకు తెలియదు. అందుకే ముందు దాన్ని ఎక్స్ అనుకుందాం అంటున్నాను."

నాకు అడ్డం పడింది ఆ మొదటి వాక్యమే. ఎక్స్ అనుకుందాం. మా పెదనాన్న జట్టులో తెలియదన్న మాటకు చోటు లేదు. పెళ్ళివారు వచ్చి పప్పు ఎన్ని కిలోలు పడుతుందని అడిగితే ఆయన ఆకాశం వైపు చూసి ఒక అంకె చెప్పేవాడు. ఆ అంకె వంటవాడి పరువు. ఎన్ని పడుతుందో చూసి చెబుతానంటే పెళ్ళివారు వేరే మేస్త్రి ఇంటికి పోతారు. నలభై ఏళ్ళు అలాగే అంకె విసిరి బతికినవాణ్ణి, కాగితం మీద మొట్టమొదటి వరసలోనే నాకు తెలియదు అని రాయమంటే చెయ్యి రాలేదు. ఎడమ చెయ్యి కూడా రాలేదు.

మా పక్కింట్లో ఒక కుర్రాడు ఉండేవాడు. వరంగల్ పిల్లవాడు, డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడని వాళ్ళావిడ అందరికీ చెబుతుండేది. ఆదివారం వెళ్ళి నా కష్టం చెప్పుకున్నాను.

"అంకుల్, మీరు లెక్క చెయ్యొద్దు" అన్నాడు. "లెక్క చేసేటోడు వెనకబడతడు. ముందుగాల ఆప్షన్లు చూడాలె. ఏ, బి, సి, డి ఉంటయి కదా, ముందు బి పట్టుకొని లెక్కల పెట్టున్రి. ఎక్కువొస్తే కిందికి రండి, తక్కువొస్తే మీదికి పొండి. రెండు సార్లల్ల దొరుకుతది."

నాకు కళ్ళు చెమర్చాయి. ఇది మా పెదనాన్న పద్ధతే, చదువుకున్నవాళ్ళు కూడా చేస్తున్నారన్నమాట. రుచి చూడు, ఉప్పు తగ్గితే వెయ్యి. ఆ పిల్లవాడు ఫోన్‌లోంచి లెక్కలు తీసి ఇచ్చాడు, నేను టకటకా కొట్టేశాను. వాళ్ళావిడ టీ ఇస్తూ, "అంకుల్ మీకు ఐఐటీ వచ్చేది" అంది. నేను నమ్మాను.

వారం తిరక్కుండా క్లాసులో నమూనా పరీక్ష పెట్టారు. కాగితం తిప్పి చూశాను. ఏ లేదు, బి లేదు. వెనక పేజీలో ఉంటాయేమోనని చూశాను. ప్రశ్న ఉంది, కింద గీతలు ఉన్నాయి, అంతే. కాసేపు ఆలోచించి, ప్రతి ప్రశ్న కింద ఏ, బి, సి, డి అని నేనే రాసుకుని, నాలుగు అంకెలు నేనే వేసుకుని, అందులోంచి నాకు నచ్చింది ఎంచుకున్నాను.

పంతులమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "ఈ నాలుగూ ఎక్కడివి?"

"నావే."

"వీటిలో ఒక్కటీ సరైనది కాదు."

"అయితే ఐదోది కూడా పెట్టాల్సింది. పైవేవీ కావు."

ఆ అమ్మాయి తల డెస్కు మీద పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఈనాటికీ చెప్పలేను. కెప్టెన్‌కు తప్పు జవాబులే వచ్చాయి గానీ చేసిన ప్రతి అడుగూ, కొట్టేసినవి కూడా, అలాగే వదిలేశాడు. ప్రయత్నానికి మార్కులిచ్చారు. ఆయన గట్టెక్కాడు, నేను మునిగాను.

సంగతి పక్కింటి పిల్లవాడికి చెబితే నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఆప్షన్లు ఇయ్యరా అంకుల్? మరి జనం ఎట్ల రాస్తరు?"

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ నర్సింగ్ హోమ్‌లో పెద్దవాళ్ళను చూసుకునే పని చేసేది. షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. అంతా విని, "మీకు రాదని ఒక్కసారి అన్నారా అక్కడ?" అని అడిగింది.

"ఎందుకంటాను?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నానండీ. దారి తెలియకపోయినా ఎవర్నీ అడగరు. అడిగినోళ్ళకి మీరే దారి చెప్పేస్తారు. ఆ ఎక్స్ ఏదో తెలియదని రాయడమే కదా. రాస్తే ఏం పోద్ది?"

"పరువు."

"అది వేసవి దాకా ఉంటుంది లెండి. ఆ తర్వాత మీ భుజాన్నీ పరువునీ ఇంట్లో కూర్చోబెట్టి నేను రెండు షిఫ్టులు చెయ్యాలి" అంది. అని పాదాలు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను వేళాకోళం తగ్గించానని చెప్పను. మొదటి వరసలో మాత్రం, ఎంతమంది? తెలియదు, ఎక్స్ అనుకుందాం, అని తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. రాశాక ఒక విచిత్రం జరిగేది. తెలియనిదానికి పేరు పెట్టగానే అది బుద్ధిగా లైనులో నిలబడేది. దాని మీద పన్ను వేస్తే వేయించుకునేది, తగ్గిస్తే తగ్గేది. చివరికి దాని నోటితోనే అది తన ధర చెప్పేసేది. పంతులమ్మ ఆ తెలుగు అక్షరాలు చూసి, ఇదేమిటని అడిగింది. "నాకు తెలియదని రాశాను" అన్నాను. "చాలా అందంగా ఉంది" అంది.

అసలు పరీక్షలో ఇద్దరం పాసయ్యాం. ఇద్దరివీ బొటాబొటి మార్కులే. సర్టిఫికెట్లు పట్టుకుని ఇద్దరం ఒకే వ్యాన్‌లో పనికి వెళ్ళాం. దారంతా కెప్టెన్ హీటర్ గురించే మాట్లాడాడు.

యజమానురాలు రెండు సర్టిఫికెట్లూ చూసి, "ఇప్పుడు నాకు ఇద్దరున్నారు, కుర్చీ ఒకటే ఉంది" అంది. ఆ పొద్దున్నే వచ్చిన ఫోన్ సంగతి చెప్పింది. పక్క ఊరి ఆటల క్లబ్బులో చిన్నమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు పతకాలిచ్చే రాత్రి. తల్లిదండ్రులు చందా డబ్బాలు తిప్పి, లాటరీ టికెట్లమ్మి పోగుచేసినది తొమ్మిది వందల ఎనిమిది యూరోలు. అంతకు మించి ఒక్క సెంటు లేదు. కూర, అన్నం, సలాడ్, మనిషికి పదహారు యూరోలు, వ్యాట్ వేరే. ఎంతమందిని పిలవచ్చో చెప్తే ఫోన్ చేసిన క్లబ్బు సెక్రటరీ ఆవిడ పేర్లు రాసుకుంటుంది. ఫోన్ కోసం ఎదురుచూస్తోంది.

"ఒకరి తర్వాత ఒకరు లోపలికి రండి" అంది.

కెప్టెన్ ముందు వెళ్ళాడు. తొందరగా బయటికొచ్చాడు. "నలభై తొమ్మిది" అన్నాడు నాతో, అడక్కుండానే. తొమ్మిది వందల ఎనిమిదిలోంచి పదమూడున్నర శాతం తీసేసి పదహారుతో భాగించాడట. కొత్త చదువు, పాత చేతులు. యజమానురాలి ముందు కూర్చోగానే చేతులు పాత దారినే పోయాయి.

"క్యాలిక్యులేటర్ నలభై తొమ్మిదీ, ఆ పైన కొంచెం అంది. ఆ కొంచెం ఎవరి చంటిపిల్లో అయ్యుంటుందని వదిలేశాను" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి కాగితం తీసుకున్నాను. ఎంతమంది? తెలియదు, ఎక్స్ అనుకుందాం. ఒక్క మనిషికి పదహారు, దాని మీద వ్యాట్ రెండు యూరోల పదహారు సెంట్లు, మొత్తం పద్దెనిమిది పదహారు. అలాంటివి ఎక్స్ ఉంటే తొమ్మిది వందల ఎనిమిది. ఎక్స్ యాభై. సరిగ్గా యాభై, తోక లేదు.

అక్కడ కలం కింద పెట్టాల్సింది. పెట్టలేదు. యాభై కింద గీత గీసి, దాని పక్కన యాభై ఐదు అని రాశాను.

"ఇదేంటి?" అంది ఆవిడ.

"యాభై పిలుపులకి. యాభై ఐదు వంటకి. యాభై అంటే యాభైకే వండేవాణ్ణి మా వైపు రెండో పెళ్ళికి పిలవరు. ఎవరో ఒకరు చుట్టాన్ని వెంటబెట్టుకొస్తారు. కూర అయిపోయిందన్న మాట వంటవాడి నోట రాకూడదు."

"ఆ ఐదు ప్లేట్ల ఖర్చు ఎవరిస్తారు?"

"పది శాతం ఎక్కువ వంట. ధర ఒక పది శాతం పెంచుదాం."

"పదహారులో తిండి ఖర్చు ముప్ఫై శాతమే. మిగతాది జీతాలు, గ్యాస్, వ్యాన్, అద్దె. ఐదు ప్లేట్లు ఎక్కువ వండితే అద్దె పెరుగుతుందా?" గొంతు కొంచెం తగ్గింది.

లెక్క వేశాను. పదహారులో ముప్ఫై శాతం నాలుగు యూరోల ఎనభై. అందులో పది శాతం నలభై ఎనిమిది సెంట్లు. "అంతేనా" అన్నాను సంబరంగా. "మనిషికి నలభై ఎనిమిది సెంట్లు కలిపితే చాలు. పదహారు నలభై ఎనిమిది."

"సరే. ఆ ధరకు ఇప్పుడు వాళ్ళ తొమ్మిది వందల ఎనిమిదికి ఎంతమంది?"

మళ్ళీ మొదటి వరస రాశాను. పదహారు నలభై ఎనిమిది మీద వ్యాట్ కలిపితే పద్దెనిమిది డెబ్భై. తొమ్మిది వందల ఎనిమిదిని దానితో భాగించాను. నలభై ఎనిమిదిన్నర వచ్చింది. అర మనిషిని పిలవలేం కదా, నలభై ఎనిమిది.

ఆవిడ కాగితం తనవైపు తిప్పుకుని చూసింది. ఇప్పుడు గొంతు బాగా తగ్గించింది. "ఎవరొస్తారో తెలియని ఐదుగురికి వండటం కోసం, రావాలని ఉన్న ఇద్దర్ని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ ఎవరో సెక్రటరీతో మీరే చెబుతారా?"

క్లాసులో కోటావిడ గురించీ, ఆవిడ కుక్క గురించీ అన్ని ప్రశ్నలు వేసినవాణ్ణి. ఇక్కడ లెక్కలో నిజంగా మనుషులున్నారు. పతకం మెళ్ళో వేసుకుని గుమ్మం వైపు చూసే ఒక పిల్ల, ఇంట్లో ఉండిపోయిన ఆ పిల్ల తాత. నాకు జోకు రాలేదు. మా పెదనాన్న కూడా ఏ అంకే చెప్పలేదు.

"యాభై" అన్నాను చివరికి. "యాభైకే వండుదాం."

"ఒక్క గరిటె కూడా ఎక్కువ కాదు."

"ఒక్క గరిటె కూడా."

ఆవిడ ఫోన్ ఎత్తి నంబరు నొక్కి, రిసీవర్ నా చేతికిచ్చింది. "అయితే మీరే చెప్పండి" అని లేచి కిచెన్‌లోకి వెళ్ళిపోయింది. కుర్చీ ఇస్తున్నానని గానీ ఇంకేమీ గానీ అనలేదు. నిలబడి మాట్లాడటం బాగుండదని కూర్చున్నాను. ఆ కుర్చీలోంచే రిటైరయ్యాను. కెప్టెన్ తలుపు తీసి, నన్నూ హీటర్నీ మార్చి మార్చి చూసి, "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో ఆ ఒక్క మాటకు ఇరవై అర్థాలున్నాయి. ఆ రోజు ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు. తర్వాతి చలికాలం నుంచి మధ్యాహ్నం టీ నా గదిలోనే తాగేవాడు.

పతకాల రాత్రి నేను హాలుకు వెళ్ళక్కర్లేదు. ధర చెప్పేవాడికి అక్కడ పనేమీ లేదు. కానీ కొలిచి వండించింది నేను. నా కూర, నా జీవితంలో మొదటిసారి, తలకింత అని తూచి బయటికి వెళ్ళింది. కెప్టెన్ పక్కన వ్యాన్‌లో కూర్చుని వెళ్ళాను. వెళ్ళి హాలు గుమ్మం దగ్గర నిలబడ్డాను.

జనం వస్తున్నారు. పతకాలు రావాల్సిన పిల్లలు, తల్లులు, కోచ్‌లు, చేతికర్రతో ఒక ముసలమ్మ. నేను లెక్కపెడుతున్నాను. ఎవరైనా పక్కన ఇంకొకర్ని వెంటబెట్టుకొస్తున్నట్టు కనబడితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేవాణ్ణి. నలభై ఐదు. నలభై ఆరు. ఒకాయన ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వచ్చాడు. ఒక పిల్ల ఈ జట్టుది కాదేమో అనిపించింది. పేరు జాబితాలో ఉందన్నారు. నలభై తొమ్మిది దగ్గర తలుపు ఊగి ఊగి ఆగిపోయింది.

ప్లేట్లు వడ్డించారు. తిన్నారు. ఫొటోలు దిగారు. ఇంకెవరూ రాలేదు. ఒక తండ్రికి ఫ్యాక్టరీలో షిఫ్టు మారిందట, రాలేనని కబురు చేశాడని సెక్రటరీ ఆవిడ చెప్పింది.

కెప్టెన్ ఖాళీ ట్రేలు తోపుడు బండి మీద పెడుతూ అంతా విన్నాడు. నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎంతమంది వచ్చారు షెఫ్?"

"నీకు తెలుసు."

"నీ నోటితో వినాలని ఉంది."

"నలభై తొమ్మిది."

"ఎప్పుడూ ఎవరో ఒకరు రారు. ముప్ఫై ఏళ్ళుగా మోస్తున్నాను, నాకు తెలియదా?" అన్నాడు. "లెక్క నీది. జవాబు నాది."

ఆ యాభయ్యో ప్లేటు తీసుకుని, గోడవారగా బెంచీ మీద మోకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మొత్తం తిన్నాడు. అడుగున కూర అంటుకున్న చోట రొట్టెముక్కతో తుడిచాడు. తర్వాత ప్లేటు నా ముందుకు చాచాడు.

"బాగుంది. ఇంకొంచెం వెయ్యి."

నేను గిన్నెలోకి చూశాను. గరిటె అడుగుకు తగిలి మోగింది. యాభై మందికి సరిగ్గా యాభై గరిటెలు. మా పెదనాన్న దగ్గర చేరిన రోజు నుంచీ నా నోట ఎప్పుడూ రాని మాట అది. గరిటె కింద పెట్టి అన్నాను.

"అయిపోయింది."

కెప్టెన్ నా మొహంలోకి చూశాడు. ప్లేటు వెనక్కి తీసుకుని, "సరేలే, కడుపు నిండింది" అన్నాడు. అని లేవడానికి నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.